షట్టరు ఎత్తలేని మోటారు: లోపం మోటారులోనా, మరెక్కడైనానా?

బటన్ నొక్కితే మోటారు గుయ్‌మంటుంది. షట్టరు జానెడు లేచి ఆగిపోతుంది. లేదా సగం దాకా వెళ్లి మొరాయిస్తుంది. అద్దె భవనాల్లో దుకాణాలు, చిన్న గోదాములు నడిపేవారిలో చాలామందికి ఇది తెలిసిన బాధే. ఇలాంటప్పుడు ముందుగా వినిపించే సలహా ఒకటే: "మోటారు చాలడం లేదు, పెద్దది వేయించండి." ఆ సలహా ఒక్కోసారి నిజం కావచ్చు. కానీ కొన్నేళ్లపాటు ఇదే మోటారు ఇదే షట్టరును ఇబ్బంది లేకుండా ఎత్తి ఉంటే, మోటారు చిన్నదైపోయిందనడంలో అర్థం లేదు. మారింది మరేదో ఉంది. మోయవలసిన బరువైనా పెరిగి ఉండాలి, మోటారుకు అందే శక్తయినా తగ్గి ఉండాలి.

ఆ తేడా తేల్చుకోవడానికి హైస్కూలు స్థాయి భౌతికశాస్త్రం సరిపోతుంది. అద్దె భవనంలో ఈ నిర్ధారణకు మరో ప్రాధాన్యం కూడా ఉంది. లోపం ఎక్కడుందో తేలితేనే ఖర్చు ఎవరు భరించాలో తేలుతుంది. అంతకన్నా ముఖ్యం, బయటికి వెళ్లడానికి ఆ షట్టరే ఏకైక మార్గమైన దుకాణంలో అది ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఎత్తడానికి ఎంత బలం కావాలి?

ఉదాహరణకు 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఉక్కు రోలింగ్ షట్టరును తీసుకుందాం. దాని విస్తీర్ణం 9 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 12 కిలోల చొప్పున లెక్కిస్తే మొత్తం 108 కిలోలు. ఇంత బరువును మనిషి రోజూ ఎత్తలేడు. అందుకే చాలా షట్టర్లలో పైనున్న పైపు చుట్టూ స్ప్రింగులు ఉంటాయి. షట్టరు కిందికి దిగుతుంటే స్ప్రింగులు చుట్టుకుని బిగుసుకుంటాయి. పైకి లేచేటప్పుడు అదే బిగువు సాయం చేస్తుంది.

ఈ అమరికలో ఒక చక్కని పొంతన ఉంది. షట్టరు పూర్తిగా దిగి ఉన్నప్పుడు దాని బరువంతా వేలాడుతూ ఉంటుంది. స్ప్రింగు కూడా సరిగ్గా అప్పుడే అత్యధికంగా బిగిసి ఉంటుంది. షట్టరు పైకి చుట్టుకునే కొద్దీ వేలాడే బరువు తగ్గుతుంది, స్ప్రింగు బలమూ తగ్గుతుంది. కాబట్టి మోటారు మోసేది మొత్తం బరువును కాదు. స్ప్రింగులు మోయగా మిగిలిన దాన్ని మాత్రమే.

స్ప్రింగుల బిగుతు సరిగా ఉండి బరువులో 90 శాతం అవే మోస్తున్నాయనుకుంటే, మోటారుకు మిగిలేది సుమారు 11 కిలోలు. ఏళ్ల తరబడి వాడకంతో సడలి 60 శాతమే మోయగలిగితే, మిగిలేది 43 కిలోలు. షట్టరు అదే, మోటారు అదే. భారం మాత్రం నాలుగు రెట్లయింది. బయటి నుంచి చూస్తే ఏ మార్పూ కనిపించదు.

అన్ని షట్టర్లలో స్ప్రింగులు ఉండవు. పెద్ద గోదాముల్లో పక్కన మోటారు పెట్టి గొలుసుతో పైపును తిప్పే రకాల్లో చాలావాటికి స్ప్రింగు సాయం ఉండదు, బరువంతా మోటారుదే. పైపు మధ్యలోనే మోటారు అమర్చే రకాల్లో సాధారణంగా స్ప్రింగులు ఉంటాయి. తమది ఏ రకమో తెలుసుకోవడమే మొదటి మెట్టు.

మోటారు ఎంత ఇవ్వగలదు?

ఉదాహరణలోని షట్టరుకు పావు హార్స్‌పవర్ మోటారు ఉందనుకుందాం. అంటే సుమారు 186 వాట్లు. గేరుపెట్టెలో, ముఖ్యంగా వార్మ్ గేరు రకంలో, శక్తిలో దాదాపు సగం వేడిగా పోవచ్చు. మిగిలేది 93 వాట్లు. షట్టరు 30 సెకన్లలో 3 మీటర్లు లేస్తే వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు. ఆ వేగంతో 93 వాట్లు సుమారు 95 కిలోలను ఎత్తగలవు. భారం 11 కిలోలే కాబట్టి కావలసినంత మిగులు ఉన్నట్టే.

అయితే ఈ లెక్క మోటారు పూర్తి వేగంతో తిరుగుతున్నప్పటిది. కెపాసిటర్‌తో నడిచే సింగిల్ ఫేజు మోటార్లు నిశ్చల స్థితి నుంచి బయలుదేరేటప్పుడు ఇచ్చే తిప్పుడు బలం, అంటే టార్క్, పూర్తి భారంతో నడిచేటప్పుడు ఇచ్చే దానికన్నా తరచుగా తక్కువ. అది 60 శాతం అనుకుంటే, బయలుదేరే క్షణంలో మోటారు సామర్థ్యం 57 కిలోలు. షట్టరు అత్యంత బరువుగా ఉండేదీ ఆ క్షణంలోనే. అందువల్ల బలహీనత ఎక్కడున్నా అది ముందుగా బయటపడేది నేల దగ్గరే.

మూడు ప్రశ్నలు: ఎక్కడ, ఎంతసేపటికి, ఏ వేళకు?

ఏ పరికరమూ పట్టుకోకముందే, వారం రోజులు గమనించి రాసుకుంటే లోపం ఏ వైపున ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆగుతుంటే కారణం ఆ చోట ఉంటుంది. గైడు ఛానెల్ నొక్కుకుపోయి ఉండవచ్చు, ఒక పట్టీ వంగి ఉండవచ్చు, లిమిట్ స్విచ్ జరిగి ఉండవచ్చు. షట్టరు పైకి వెళ్లే కొద్దీ భారం తగ్గుతుంది కాబట్టి, నేల దగ్గర తేలిగ్గా లేచి రెండు మీటర్ల ఎత్తులో ఆగేదాన్ని బరువు సమస్యగా భావించలేం.

ఎత్తుతో నిమిత్తం లేకుండా, వరుసగా రెండు మూడు సార్లు వాడాక ఆగిపోయి, అరగంట తరవాత మళ్లీ పనిచేస్తుంటే అది వేడి లక్షణం.

ఉదయం బాగా లేచి సాయంత్రం దీపాల వేళకు మొరాయిస్తుంటే సరఫరాను అనుమానించాలి. భవనంలోని బోరు మోటారు, లిఫ్టు, పక్క దుకాణాల ఏసీలు నడిచే వేళకూ దీనికీ పొంతన ఉందేమో చూడాలి.

ఏ వేళైనా, ఏ చోటైనా, నెలల తరబడి మెల్లమెల్లగా ముదురుతూ వస్తే స్ప్రింగు సడలడం, తుప్పు, దుమ్ము, కెపాసిటర్ క్షీణించడం వంటి నిదానంగా జరిగే మార్పులను వెతకాలి. ఒక్క రోజులో హఠాత్తుగా వస్తే ఏదో విరిగిందనుకోవాలి. పైన పెద్ద చప్పుడు వినిపించి, ఆ తరవాత షట్టరు ఒక పక్క ముందు లేచి రెండో పక్క వెనకబడుతుంటే, స్ప్రింగు తెగి ఉండే అవకాశం ఎక్కువ.

నేల నుంచి పైదాకా లేవడానికి పట్టే సమయాన్ని ఫోనులోని గడియారంతో కొలవడం కూడా ఉపయోగమే. నాలుగు ధ్రువాల ఇండక్షన్ మోటారు 50 హెర్ట్జ్ సరఫరాపై నిమిషానికి 1,500 చుట్లకు కొంచెం తక్కువగా, పూర్తి భారంపై సుమారు 1,400 చుట్లు తిరుగుతుంది. మామూలు పరిధిలో భారం పెరిగినా దీని వేగం పెద్దగా తగ్గదు. తగ్గడం మొదలైందంటే మోటారు తన హద్దుకు చేరువైందని అర్థం. అందుకే 30 సెకన్లు పట్టే పని 36 సెకన్లకు చేరడం చిన్న విషయం కాదు. అది ఆగిపోవడానికి ముందు వచ్చే హెచ్చరిక.

స్ప్రింగునూ ఘర్షణనూ విడదీసే పరీక్ష

షట్టరు బరువెక్కిందని తెలిసినా, అది స్ప్రింగు సడలడం వల్లా, గైడుల్లో ఘర్షణ పెరగడం వల్లా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి మెకానిక్కు కావాలి. రెండోదానికి చాలాసార్లు చీపురు, గుడ్డ, కందెన చాలు. సామాను తూచే కొక్కెం త్రాసులు రెండు ఉంటే ఈ రెండింటినీ విడదీయవచ్చు.

విద్యుత్తు పూర్తిగా ఆపి, మెకానిక్కు సమక్షంలో మోటారు పట్టును విడిపించాలి. షట్టరును నేల నుంచి బెత్తెడు ఎత్తులో ఉంచి, జారినా నేలకు కొట్టుకోకుండా కింద చెక్క దిమ్మెలు పెట్టాలి. అడుగు పట్టీకి రెండు చివర్లా త్రాసులు తగిలించి, ఇద్దరు మనుషులు నెమ్మదిగా పైకి లాగుతూ రెండు త్రాసుల అంకెలను కలపాలి. తరవాత అంతే నెమ్మదిగా దింపుతూ మళ్లీ కలపాలి.

ఘర్షణ ఎప్పుడూ కదలికను ఎదిరిస్తుంది. ఎత్తేటప్పుడు అది బరువుకు తోడవుతుంది. దింపేటప్పుడు బరువును ఆపడంలో చేతికి సాయపడుతుంది. కాబట్టి ఎత్తేటప్పటి అంకె, మిగులు బరువు, ఘర్షణల మొత్తం. దింపేటప్పటి అంకె వాటి తేడా. రెండు అంకెలనూ కలిపి సగం చేస్తే మిగులు బరువు వస్తుంది. ఒకదాంట్లోంచి మరొకటి తీసి సగం చేస్తే ఘర్షణ వస్తుంది.

ఉదాహరణలోని షట్టరులో ఎత్తేటప్పుడు 51 కిలోలు, దింపేటప్పుడు 35 కిలోలు వచ్చాయనుకుందాం. మొత్తం 86, అందులో సగం 43. ఇది స్ప్రింగులు మోయకుండా వదిలేసిన బరువు. తేడా 16, అందులో సగం 8. ఇది ఘర్షణ. గైడులు తుడిచి, తుప్పు గీకి, సిలికాన్ కందెన పూశాక మళ్లీ కొలిస్తే 46, 40 వచ్చాయనుకుందాం. ఘర్షణ 3 కిలోలకు దిగింది. మిగులు బరువు మాత్రం 43 దగ్గరే ఉంది. కందెన చేయగలిగింది చేసింది, స్ప్రింగు పని ఇంకా మిగిలే ఉంది.

గైడుల్లో చిక్కటి గ్రీజు దట్టించే అలవాటు చాలాచోట్ల ఉంది. రోడ్డు పక్క దుకాణంలో ఆ గ్రీజు దుమ్మును పట్టుకుని కొన్ని నెలల్లోనే గరుకు ముద్దలా మారుతుంది. పల్చగా పూసే కందెనే మేలు.

తీగ దారిలో తరిగిపోయే వోల్టేజి

ఇండక్షన్ మోటారు టార్క్, దానికి అందే వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే టార్క్ 19 శాతం తగ్గుతుంది. వోల్టేజి సగమైతే టార్క్ పావు వంతే. అందుకే దీపాల వెలుగులో పెద్దగా తేడా కనిపించని రోజున కూడా షట్టరు ఎక్కకపోవచ్చు.

మన దేశంలో సింగిల్ ఫేజు సరఫరాకు నిర్దేశించిన వోల్టేజి 230. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు దీనికి అటూ ఇటూ 6 శాతం హెచ్చుతగ్గులను అనుమతించాయి. అంటే కింది హద్దు సుమారు 216 వోల్టులు. అయితే ఇది వినియోగదారుకు సరఫరా అందే చోటి లెక్క. అక్కడి నుంచి మోటారు దాకా భవనంలోని తీగలో పోయేది వేరు.

వాణిజ్య సముదాయాల్లో మీటర్లన్నీ తరచుగా ఒక మూలన ఉంటాయి. అక్కడి నుంచి వెనకవైపు దుకాణం 50 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. విద్యుత్తు వెళ్లి రావాలి కాబట్టి తీగ పొడవు 100 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు దాదాపు 0.018 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. మొత్తం 1.8 ఓమ్‌లు. బయలుదేరే క్షణంలో మోటారు 10 ఆంపియర్లు లాగితే ఓమ్ సూత్రం ప్రకారం తీగలోనే 18 వోల్టులు పోతాయి. మీటరు దగ్గర 216 ఉన్నా మోటారుకు చేరేది 198. దాన్ని 230తో భాగించి వర్గం చేస్తే 0.74. సరఫరాలోని తగ్గుదల, తీగలోని నష్టం కలిసి టార్క్‌లో పావు వంతుకు పైగా పోయిందన్నమాట.

అదే దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నిరోధం 0.72 ఓమ్‌లు, నష్టం సుమారు 7 వోల్టులు. మోటారుకు 209 వోల్టులు అందుతాయి, టార్క్ 83 శాతం దాకా నిలుస్తుంది. అల్యూమినియం తీగకు రాగి కన్నా సుమారు 1.6 రెట్లు ఎక్కువ నిరోధం ఉంటుంది కాబట్టి పాత భవనాల్లో ఈ నష్టం ఇంకా ఎక్కువ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మోటారు ఆగి ఉన్నప్పుడు దాని దగ్గర వోల్టేజి కొలిస్తే 216 చూపుతుంది. ప్రవాహం లేనప్పుడు తీగలో నష్టమూ ఉండదు. అసలు విషయం తెలియాలంటే షట్టరు లేచే క్షణంలోనే, మోటారు టెర్మినళ్ల దగ్గర కొలవాలి. అదే క్షణంలో మీటరు దగ్గర కూడా కొలవాలి. రెండుచోట్లా పడిపోతే లోపం బయటి సరఫరాలో. మీటరు దగ్గర నిలకడగా ఉండి మోటారు దగ్గరే పడిపోతే లోపం లోపలి తీగలో, లేదా వదులైన బిగింపులో. ప్లగ్గు వేడెక్కడం, నల్లబడిన సాకెట్టు, బటన్ నొక్కగానే దుకాణంలోని దీపాలు మసకబారడం దీనికి ఆనవాళ్లు. ఈ కొలతలు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

స్టెబిలైజరు పెడితే సరిపోదా? సరఫరా వోల్టేజే తక్కువైన చోట, బయలుదేరే ప్రవాహాన్ని తట్టుకునే సామర్థ్యం ఉన్న స్టెబిలైజరు కొంత ఉపయోగపడుతుంది. సన్నని తీగ చివర పెడితే మాత్రం అది వోల్టేజిని పెంచడానికి తీగలోంచి మరింత ప్రవాహాన్ని లాగుతుంది, నష్టమూ పెరుగుతుంది. సన్నని తీగకు మందు లావు తీగే.

కెపాసిటర్ చేసే పని

సింగిల్ ఫేజు విద్యుత్తు ఒక్క వైండింగులో సృష్టించే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ ఊగుతుందే తప్ప తిరగదు. నిశ్చలంగా ఉన్న రోటరును అది ఏ దిక్కుకూ తిప్పలేదు. తిరిగే అయస్కాంత క్షేత్రంతో మోటారు నడపవచ్చని 1880లలో ఇటలీకి చెందిన గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా విడివిడిగా చూపించారు. సింగిల్ ఫేజు మోటారులో రెండో వైండింగును కెపాసిటర్ ద్వారా కలపడం వల్ల అందులోని ప్రవాహం మొదటిదానికన్నా ముందుకు జరుగుతుంది. ఆ రెండూ కలిసి తిరిగే క్షేత్రాన్ని ఏర్పరుస్తాయి.

మెకానిక్కులు కండెన్సర్ అని పిలిచే ఈ డబ్బీ వేడికి, వయసుకు బలహీనపడుతుంది. దాని సామర్థ్యం తగ్గే కొద్దీ మోటారు బయలుదేరే బలం తగ్గుతుంది. పూర్తిగా పోతే మోటారు గుయ్‌మంటుంది కానీ కదలదు. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. షట్టరు భారం విడిపించినా మోటారు బయలుదేరకపోతే అనుమానం కెపాసిటర్‌పై, వైండింగుపై. భారం విడిపిస్తే హాయిగా తిరిగి, తగిలిస్తే ఆగిపోతుంటే బరువును, వోల్టేజిని, సగం క్షీణించిన కెపాసిటర్‌ను పరిశీలించాలి.

కెపాసిటర్‌ను తీసి, అందులో నిల్వ ఉన్న ఆవేశాన్ని ఖాళీ చేశాక, కెపాసిటెన్సు కొలిచే మల్టీమీటరుతో చూడాలి. డబ్బీపై ముద్రించిన మైక్రోఫారడ్ విలువకూ కొలతకూ సాధారణంగా 5 శాతానికి మించి తేడా ఉండకూడదు. మార్చేటప్పుడు అదే విలువ ఉన్నదే వేయాలి. "కొంచెం పెద్దది వేస్తే బలం వస్తుంది" అన్న మాట నమ్మితే రెండో వైండింగులో ప్రవాహం పెరిగి అది కాలిపోవచ్చు. కెపాసిటర్ చివరల మధ్య వోల్టేజి సరఫరా కన్నా ఎక్కువగా ఉంటుంది. అందుకే ఇవి 440 వోల్టుల రకానివై ఉంటాయి. తక్కువ వోల్టేజి రకం పెట్టరాదు.

వేడి, బ్రేకు

షట్టరు మోటారు ఫ్యానులా రోజంతా తిరగడానికి చేసింది కాదు. కొద్ది నిమిషాలు పనిచేసి చల్లారాలి. మోటారు పలకపై ఎస్2 అన్న గుర్తు, పక్కన నిమిషాల సంఖ్య ఉంటే అది చెప్పేది ఇదే. వైండింగులో పుట్టే వేడి, ప్రవాహం వర్గాన్ని బట్టి ఉంటుంది. భారం పెరిగి ప్రవాహం ఒకటిన్నర రెట్లయితే వేడి 2.25 రెట్లవుతుంది. పడమటి ఎండ తగిలే రేకు పెట్టెలో మోటారు ఉంటే వేసవిలో అది ముందే వేడెక్కి ఉంటుంది. అప్పుడు లోపలి ఉష్ణ రక్షణ స్విచ్ సరఫరాను ఆపేస్తుంది. ఆ స్విచ్‌ను దాటవేసి తీగ కలపడం మోటారును, కొన్నిసార్లు దుకాణాన్నే, కాల్చుకోవడం. గుయ్‌మంటూ కదలని మోటారు బటన్‌ను రెండు మూడు సెకన్లకు మించి నొక్కి ఉంచకూడదు.

మరిచిపోయే మరో భాగం బ్రేకు. విద్యుత్తు అందినప్పుడు అయస్కాంతం బ్రేకును విడిపిస్తుంది, ఆగినప్పుడు స్ప్రింగు దాన్ని బిగిస్తుంది. వోల్టేజి తక్కువైతే ఆ అయస్కాంతం బ్రేకును పూర్తిగా వదలదు. మోటారు బ్రేకును ఈడ్చుకుంటూ తిరుగుతుంది. మాడిన వాసన, మోటారు ఒక చివర మాత్రమే విపరీతంగా వేడెక్కడం దీనికి సూచనలు.

లెక్కలన్నీ ఒకచోట

ఉదాహరణలోని మోటారు నిండు వోల్టేజిపై బయలుదేరేటప్పుడు 57 కిలోలు ఎత్తగలదు. 74 శాతం టార్క్‌తో అది 42 కిలోలకు పడిపోయింది. ఎత్తవలసింది 43 కిలోల మిగులు బరువు, 8 కిలోల ఘర్షణ కలిపి 51. అందుకే ఆగిపోయింది.

గైడులు మాత్రమే శుభ్రం చేస్తే కావలసింది 46, ఉన్నది 42. చాలదు. తీగ మాత్రమే మారిస్తే ఉన్నది 47, కావలసింది 51. చాలదు. రెండూ చేస్తే 47తో 46 ఎత్తాలి. ఎక్కుతుంది కానీ అంచు మీదే. స్ప్రింగుల బిగుతును సరిచేస్తే కావలసింది 11, 8 కలిపి 19 కిలోలే. పాత తీగ మీద, పాత మోటారుతోనే తేలిగ్గా లేస్తుంది. మూడు చిన్న నష్టాలు కలిసి ఒక పెద్ద లోపంలా కనిపించాయి. వాటిలో ఏది పెద్దదో కొలిస్తేనే తెలిసింది.

పెద్ద మోటారు వేసి ఉంటే? అర హార్స్‌పవర్ మోటారు బయలుదేరేటప్పుడు 20 ఆంపియర్లు లాగితే ఆ సన్నని తీగలో 36 వోల్టులు పోతాయి. మోటారుకు అందేది 180, టార్క్ 61 శాతం. రెట్టింపు మోటారు కొన్నా వచ్చేది రెట్టింపు బలం కాదు. షట్టరు ఎక్కుతుంది, సందేహం లేదు. కానీ సడలిన స్ప్రింగు అలాగే ఉంటుంది. విద్యుత్తు పోయిన రోజున చేత్తో ఎత్తబోతే 51 కిలోలూ మనిషి మీదే పడతాయి. గైడులో పట్టీ ఇరుక్కుంటే బలమైన మోటారు ఆగకుండా దాన్ని చీల్చుకుంటూ పోతుంది. బ్రేకు విఫలమైతే కిందికి జారే బరువూ ఎక్కువే.

ఖర్చు ఎవరిది?

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 108వ సెక్షను, ఒప్పందంలో వేరుగా రాసుకోని పక్షంలో, యజమాని, అద్దెదారుల బాధ్యతలను చెబుతుంది. సహజమైన అరుగుదల మినహా ఆస్తిని తీసుకున్న స్థితిలోనే అద్దెదారు ఉంచాలి. యజమాని చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన తరవాత కూడా సహేతుకమైన గడువులో చేయకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. యజమాని అనుమతి లేకుండా శాశ్వత కట్టడాలు చేర్చకూడదు. కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం భవనంలోని విద్యుత్ తీగల పనిని యజమాని జాబితాలో చేర్చింది. అయితే అది రాష్ట్రాలు స్వీకరించిన చోటే వర్తిస్తుంది.

అందువల్ల అద్దె ఒప్పందంలో షట్టరు, మోటారు, తీగల గురించి ఏమి రాశారో ముందు చూడాలి. ఆ తరవాత కొలతలతో రాతపూర్వకంగా తెలియజేయాలి. "షట్టరు పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదుకు "వాడకం సరిగా లేదు" అన్న జవాబు వస్తుంది. "షట్టరు లేచేటప్పుడు మీటరు దగ్గర 216 వోల్టులు, మోటారు దగ్గర 198 వోల్టులు, మిగులు బరువు 43 కిలోలు" అన్న కాగితానికి అలాంటి జవాబు ఇవ్వడం కష్టం. తేదీలు, వేళలు, ఎలక్ట్రీషియన్ సంతకం ఉంటే ఇంకా మంచిది. గోడకు కొత్త రంధ్రాలు, కొత్త బ్రాకెట్లు అవసరమైతే యజమాని అనుమతిని కూడా రాతలోనే తీసుకోవాలి.

ముట్టుకోకూడనివి

స్ప్రింగు పెట్టెను దుకాణదారు స్వయంగా విప్పరాదు. ఉదాహరణలోని షట్టరు పూర్తిగా దిగి ఉన్నప్పుడు స్ప్రింగుల్లో సుమారు 1,400 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. దాదాపు 3 మీటర్ల ఎత్తు నుంచి 50 కిలోల సిమెంటు బస్తా పడితే వెలువడే శక్తి అంతే ఉంటుంది. ఒక్క బోల్టు తప్పుగా వదులు చేస్తే అదంతా క్షణంలో విడుదలవుతుంది. ఆ పని అనుభవం ఉన్న షట్టరు మెకానిక్కుదే.

సగంలో ఆగిన షట్టరు కింద నుంచి వంగి దూరడం, పిల్లలను దూరనివ్వడం ప్రమాదకరం. బ్రేకు, గేరు, స్ప్రింగులలో ఏది లోపమో తెలియనంతవరకు అది ఎప్పుడైనా జారవచ్చని భావించాలి. దుకాణానికి వేరే దారి లేకపోతే, చేతి గొలుసు లేదా విడుదల తీగ పనిచేస్తోందో లేదో నెలకోసారి విద్యుత్తు ఆపి చూసుకోవాలి. పొగ కమ్మినప్పుడు మొదట పోయేది విద్యుత్తే కావచ్చు. అప్పుడు షట్టరును ఎత్తవలసింది మనుషుల చేతులే. స్ప్రింగులు సరిగా ఉన్న షట్టరు 19 కిలోలతో లేస్తుంది, ఒక్క మనిషి చాలు. సడలిన స్ప్రింగులున్నది 51 కిలోలు అడుగుతుంది.

అభ్యాసం

ఒక దుకాణంలో షట్టరును ఎత్తేటప్పుడు రెండు త్రాసుల మొత్తం 40 కిలోలు, దింపేటప్పుడు 4 కిలోలు వచ్చాయి. మిగులు బరువెంత, ఘర్షణ ఎంత? ముందుగా పిలవవలసింది స్ప్రింగు మెకానిక్కునా, లేక పట్టవలసింది చీపురు, కందెనలనా?

జవాబు: మిగులు బరువు 22 కిలోలు, ఘర్షణ 18 కిలోలు. ఘర్షణ అసాధారణంగా ఎక్కువ, దాన్ని తగ్గించడం చవక కూడా. కాబట్టి ముందు గైడులు శుభ్రం చేసి, వంగిన పట్టీలు చూసి, మళ్లీ కొలవాలి. స్ప్రింగుల సంగతి ఆ తరవాత. ఘర్షణ తగ్గిన కొద్దీ దింపేటప్పుడు చేతిమీద పడే బరువు పెరుగుతుందని మరవకూడదు. ఇంతకుముందు 4 కిలోలతో ఆగిన షట్టరు, శుభ్రం చేశాక దాదాపు 20 కిలోల బరువుతో కిందికి లాగుతుంది. అందుకే రెండోసారి కొలిచేటప్పుడూ కింద చెక్క దిమ్మెలు ఉండాల్సిందే.